ఇరవయ్యారు గ్రాములు అదనం

మా అత్తింటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ఓపిక నాకు ఉంటుందో ఉండదో. మామగారు ఓ పెద్ద ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు స్టోర్ కీపరుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన ఇంకో ఆఫీసులో కొనుగోళ్ళ విభాగం చూస్తారు. మా వదిన, అంటే ఆయన అక్క, ఆడిట్‌లో ఉంది. కాపురం పక్క వీధిలో, ఆదివారాలు మాత్రం పొద్దున్నే మా ఇంట్లో. అంటే మా ఇంట్లో కొనేవాళ్ళున్నారు, దాచేవాళ్ళున్నారు, తప్పులు పట్టేవాళ్ళున్నారు. వాడుకునేదాన్ని నేనొక్కదాన్నే.

ఈ ఇంట్లో చీపురు కొనాలన్నా మూడు కొటేషన్లు కావాలి. పెళ్ళయిన కొత్తలో నా దువ్వెన విరిగింది. కొత్తది కావాలన్నాను. పాతది చూపించమన్నారు మామగారు. విరిగిన రెండు ముక్కలూ తెచ్చి బల్లమీద పెడితే వాటిని ఒకదానికొకటి ఆనించి చూసి, పోయిన పళ్ళు లెక్కపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వాడకంలో అరిగినది" అని ఓ పుస్తకంలో రాశారు. కొత్త దువ్వెన చేతికొచ్చేసరికి నా జుట్టు రెండంగుళాలు పెరిగింది. వీధిలోవాళ్ళు మా ఆయనను టెండరుగారు అని పిలుస్తారు. వెక్కిరింపని ఆయనకు తెలియదు, బిరుదనుకుంటారు.

నేను చేసే పని పుస్తకాలు చదవడం. చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు గొంతెత్తి చదివి రికార్డు చేస్తాను. ఊళ్ళో దానికోసమే ఒక గ్రంథాలయం ఉంది, వాళ్ళు పుస్తకం ఇస్తారు, నేను చదివి ఇస్తాను. బట్టల అలమారా ఉన్న చిన్నగదిలో నాలుగు పక్కలా దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను కట్టేసి, మైకు ముందు కూర్చుంటాను. ఎండాకాలంలో ఒక అధ్యాయం అయ్యేసరికి స్నానం చేసినట్టు తడిసి బయటికొస్తాను. అయినా ఆ గదిలో ఉన్నంతసేపూ నాకు హాయిగా ఉంటుంది. అక్కడ నేను చెప్పేది ఎవరూ ఆమోదించక్కర్లేదు.

అప్పుడు నా చేతిలో ఉన్నది ఫిజియోథెరపీ పుస్తకం, ముప్ఫై నాలుగు అధ్యాయాలు. ఎముకలు, కండరాలు, కీళ్ళు, ఏది ఎటు వంగుతుంది, ఎంతవరకు వంగుతుంది. ఒక అమ్మాయి దానికోసం ఎదురుచూస్తోంది. పుట్టుకతోనే చూపులేని పిల్ల. ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. తెలివి లేక కాదు, హాస్టల్లో స్నేహితురాళ్ళకు తీరికున్నప్పుడల్లా అడుక్కుని చదివించుకుంటే సగం పుస్తకం కూడా చెవిన పడలేదు. మూడోసారి కూడా తప్పితే సీటు పోతుంది. వారానికోసారి నాకు ఫోన్ చేసేది. ఎక్కడిదాకా వచ్చిందని ఎప్పుడూ సూటిగా అడగలేదు. "మీ గొంతు బాగుందా అక్కా?" అని అడిగేది. నాకు అర్థమయ్యేది.

నా ల్యాప్‌టాప్ వయసు తొమ్మిదేళ్ళు. స్విచ్ వేసి, వెళ్ళి కూరగాయలు తరుక్కుని, పొయ్యిమీద పడేసి వస్తే అప్పటికి కళ్ళు తెరిచేది. రికార్డింగు మధ్యలో బిగుసుకుపోయేది. ఈమధ్య దాని కడుపులోంచి ఎవరో రాయిమీద గోళ్ళు అరగదీస్తున్నట్టు చప్పుడు మొదలైంది. నాకు భయమేసి బజారు మలుపులో ఉన్న రిపేరు షాపుకు తీసుకెళ్ళాను.

ఆ షాపు నడిపేది ఒకావిడ. నోట్లో స్క్రూలు పెట్టుకుని మాట్లాడుతుంది, ఒక్కటీ మింగదు. ల్యాప్‌టాప్‌ను చెవి దగ్గర పెట్టుకుని వింది.

"డిస్క్ పోతోందండీ. నెల ఉండొచ్చు, రెండు నెలలుండొచ్చు. దీని బదులు ఎస్ఎస్‌డీ, అదే కొత్తరకం డిస్క్, వేయించుకోండి. ఇంత పాతదానికి ఖరీదైనది దండగ, దీనికి అంత వేగం అందుకునే శక్తి లేదు. చవకలోదే తీసుకోండి, పేరున్న కంపెనీది, ఐదువందల జీబీ చాలు. మరీ చవకగా వస్తే మాత్రం ముట్టుకోకండి."

రెండు కంపెనీల పేర్లు చీటీమీద రాసిచ్చింది. అందులో ఒకటి వెనక అరలోనే ఉంది. అరగంట పని, కూర్చుంటే ఇప్పుడే చేసిస్తానంది. నా సంచిలో సరిపడా డబ్బుంది. అయినా ఇంట్లో అడిగి వస్తానని లేచాను. పదమూడేళ్ళు ఆ ఇంట్లో ఉంటే నా చేతికీ ఆ జబ్బే పట్టింది, సంతకం కనపడకపోతే ముందుకు సాగదు. ఆ తప్పు నాదే, ఎవరిమీదికీ తోయను.

చీటీ చూసి మా ఆయన చిన్నపిల్లాడు తప్పు చేస్తే పెద్దవాళ్ళు నవ్వినట్టు నవ్వారు. ఒకే దుకాణం చెప్పిన పేర్లు, పైగా ఆ దుకాణంలోనే సరుకు ఉంది, అంటే ఆవిడకు స్వప్రయోజనం ఉన్నట్టే కదా అన్నారు. ముందు నేను ఇండెంటు రాసివ్వాలి. ఎందుకు కావాలి, ఎప్పటికి కావాలి, పాతదానికి ఏమైంది. రాసిచ్చాను. ఎప్పటికి అన్నచోట "వెంటనే" అని రాస్తే, అది తేదీ కాదని వెనక్కి వచ్చింది.

కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు మా ఆయన, సభ్యులు మామగారు, వదిన. నన్ను వేసుకోలేదు. కావాలన్నవాళ్ళే కమిటీలో కూర్చుంటే పక్షపాతం వస్తుందట. ల్యాప్‌టాప్ వాడేదాన్ని నేను, ఎస్ఎస్‌డీ అన్న మాట ఇంట్లోకి తెచ్చినదాన్ని నేను, ఆదివారం ఆ ముగ్గురూ బల్లచుట్టూ కూర్చుంటే కాఫీలు అందించినదాన్నీ నేనే.

మా ఆయన పిసినారి కారు, ఇది కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎండలకు ఒక ముసలి గుమాస్తా కళ్ళు తిరిగి పడిపోతే, జాలిపడి కొటేషన్లు లేకుండా ఒక టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చారు. ఆ ఫ్యానుకు సంజాయిషీ రాస్తూ రెండేళ్ళు గడిపారు. ప్రమోషను ఆగింది. అప్పటినుంచి ఆయనకు వస్తువు కంటే ముందు సంజాయిషీ కనిపిస్తుంది. ఇది తెలిసి కూడా నాకు ఒళ్ళు మండేది.

మొదటి ఆదివారం పదకొండు ఎస్ఎస్‌డీలతో ఒక పట్టిక తయారైంది, పంతొమ్మిది గడులు. బల్లమీద పట్టక రెండు కాగితాలు అతికించారు. చదివే వేగం, రాసే వేగం, గ్యారంటీ, బరువు, పెట్టె రంగు. లోపల మెమరీని ఎలా పేర్చారన్న దానిమీద ఒక గంట చర్చ జరిగింది. ముగ్గురిలో ఒక్కరికీ అదేమిటో తెలియదు కాబట్టి చర్చ చాలా మర్యాదగా సాగింది.

తర్వాత మన్నిక. ఒకదానిమీద నూటఅరవై టెరాబైట్లు రాసుకోవచ్చని ఉంది. రోజుకు ఎంత రాస్తావని మామగారు నన్ను పిలిచి అడిగారు. మహా అయితే రెండు జీబీలన్నాను. ఆయన నోటితోనే భాగహారం చేసి, రెండువందల పంతొమ్మిది ఏళ్ళు వస్తుందన్నారు. స్టోర్‌లో అంతకాలం నిలిచే సరుకును ఆయన ఇనప్పెట్టె తర్వాత మళ్ళీ చూడలేదట. వదిన కలం కింద పెట్టింది. గ్యారంటీ మూడేళ్ళే ఇస్తున్నాడు కదా, మిగతా రెండువందల పదహారేళ్ళకు బాధ్యత ఎవరిది అని అడిగింది. అభ్యంతరం నమోదై, సమావేశం వాయిదా పడింది.

రెండో ఆదివారం కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివారు. ఒకాయన ఒకే ఒక్క చుక్క ఇచ్చి పెట్టె మూల నలిగిందని రాశాడు. మామగారు దాన్ని చాలా గంభీరంగా తీసుకున్నారు. ఇంకొకాయన అయిదు చుక్కలిచ్చి "ఇంకా తెరవలేదు, కానీ బాగుంది" అని రాశాడు. ఆయన నిజాయితీ మా ఆయనకు నచ్చింది. ఈ చదువులు అయ్యేసరికి మొదటి వారం రాసుకున్న ధరలన్నీ మారిపోయాయి. ఆన్‌లైన్‌లో ధర పూటకోలా ఉంటుందని నేను తలుపు దగ్గర నిలబడి అన్నాను. అలా మారే ధరను కొటేషన్ అనరు అంది వదిన. పట్టిక మొదటినుంచీ మళ్ళీ రాశారు.

ఇక్కడ ఈ పని జరుగుతుంటే అక్కడ చిన్నగదిలో నా డిస్క్ మూలుగుతోంది. ఇరవై ఒకటో అధ్యాయం సేవ్ కావడానికి నలభై నిమిషాలు పట్టింది. నేను తెరముందు చేతులు కట్టుకుని కూర్చుని, మనసులో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. ఇంకో కాపీ ఎందుకు పెట్టుకోలేదని మీరు అడగబోతున్నారు, తెలుసు. పెన్‌డ్రైవ్ కోసం కిందటేడే ఇండెంటు పెట్టాను. అది ఇంకా వదిన దగ్గరే ఉంది. గ్రంథాలయంవాళ్ళు పుస్తకం మొత్తం పూర్తయ్యాకే తీసుకుంటారు, ముక్కలు ముక్కలుగా తీసుకోరు. వాళ్ళకూ ఒక పద్ధతి ఉంది మరి.

మూడో ఆదివారం ధరల గడి తెరిచారు. పదకొండింటిలో అన్నిటికంటే తక్కువకు వచ్చింది, ఎవరూ విననిపేరున్న కంపెనీది. ఆ పేరులో అచ్చు ఎక్కడుందో, హల్లు ఎక్కడుందో నాకు అంతుబట్టలేదు. ఐదువందల జీబీ అడిగితే రెండువేల జీబీ ఇస్తానంటున్నాడు, అదీ మిగతావాళ్ళ ధరలో సగానికి. నేను చీటీ తీసి చూపించి, మరీ చవకైతే వద్దని ఆవిడ గట్టిగా చెప్పిందన్నాను.

"నోటిమాటను రికార్డులో పెట్టలేం," అంది వదిన. "తక్కువ ధరవాడిని వద్దనాలంటే కారణం కాగితంమీద ఉండాలి. ఉందా?"

లేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక భయం. దానికి పట్టికలో గడి లేదు. మా ఆయన నా మొహంలోకి ఒకసారి చూశారు. ఒక్క క్షణం ఆగారు కూడా. మళ్ళీ ఆ ఫ్యాను గుర్తొచ్చిందో ఏమో, తల దించుకుని సంతకం పెట్టేశారు.

శనివారం నాటికి సరుకు వచ్చింది. పెట్టె మూల నలగలేదు. మామగారు అసలు రంగంలోకి దిగింది అప్పుడే. చేతులు కడుక్కుని, వంటింట్లోంచి తూకం యంత్రం తెప్పించి, ఎస్ఎస్‌డీని పళ్ళెంలో పెట్టారు. కాగితంమీద బరువు నలభై గ్రాములని ఉంది. యంత్రం అరవై ఆరు చూపించింది. మామగారు మళ్ళీ తూచారు. మళ్ళీ అరవై ఆరే. ఆయన మొహం వికసించింది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో తూకానికి తక్కువ పంపినవాళ్ళనే చూశాను, ఎక్కువ పంపిన పుణ్యాత్ముణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అన్నారు. పుస్తకంలో "ఇరవయ్యారు గ్రాములు అదనం" అని రాసి, కింద గీత గీశారు. వదిన సాక్షి సంతకం పెట్టింది. నాకూ ఆ క్షణంలో కొంచెం ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి. బరువైన వస్తువు మంచిదనే నమ్మకం మనలో ఎక్కడో ఉంటుంది.

అప్పటికి నేను ఇరవై నాలుగు అధ్యాయాలు పూర్తిచేశాను. పరీక్షకు పంతొమ్మిది రోజులుంది. మర్నాడు గ్రంథాలయంలో చదివేవాళ్ళందరికీ సమావేశం ఉంటే పొద్దున్నే వెళ్ళాను. వచ్చాక నేనే దగ్గరుండి మార్పిస్తాను, అంతవరకు ఆగండి అని చెప్పి మరీ వెళ్ళాను. ఆదివారం ముగ్గురూ ఇంట్లో ఉన్నారు, పనిముట్లున్నాయి, ఎలా మార్చాలో చూపించే వీడియో ఉంది. ఆగుతారా?

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. ల్యాప్‌టాప్ స్విచ్ వేసి చూపించారు. మొహం కడుక్కునే లోపల తెరుచుకుంది. మా ఆయన పొంగిపోతున్నారు. కొత్తదాన్ని లోపల బిగించి, పాత డిస్క్‌ను బయటినుంచి వైరుతో తగిలించి, నా ఇరవై నాలుగు అధ్యాయాలనూ కాపీ చేశారట. వదిన రెండువైపులా పేర్లు, తేదీలు, సైజులు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ సరిచూసిందట. ఒక్క అక్షరం తేడా రాలేదు. ఆ కాగితం నా చేతిలో పెట్టింది. ఇరవై నాలుగు ఎర్రటి టిక్కులు, ముగ్గురి సంతకాలు.

పాత డిస్క్ ఏదని అడిగాను.

"కండెమ్ చేసేశానమ్మాయ్," అన్నారు మామగారు. "రద్దయిన సరుకు పనికొచ్చే స్థితిలో ఉంచకూడదు. ఎవరి చేతిలోనైనా పడితే దుర్వినియోగం చేస్తారు."

వెనక మెట్లమీద పెట్టి, సుత్తితో మూడు మేకులు దిగగొట్టారు. పాతపేపరులో పొట్లం కట్టి, చీటీ అంటించి, తేదీ వేసి, అటకమీద పెట్టారు.

నేను చిన్నగదిలోకి వెళ్ళి కూర్చున్నాను. మొదటి అధ్యాయం తెరిచాను, నా గొంతు వచ్చింది. రెండు, మూడు బాగున్నాయి. నాలుగోది తెరిచాను. నలభై ఎనిమిది నిమిషాలని నిడివి చూపిస్తోంది, గీత కదులుతోంది, చప్పుడు లేదు. శబ్దం పెంచాను. అయిదు, పది, పదిహేడు, ఇరవై నాలుగు, అన్నీ తెరిచాను. పేర్లున్నాయి, తేదీలున్నాయి, సైజులున్నాయి. నా గొంతొక్కటే లేదు. ఇంతమంది ఇన్ని సరిచూశారు కదా, ఒక్కటి, ఒక్క నిమిషం, చెవి పెట్టి వినాలని ఎవరికీ తోచలేదు. వినడం పట్టికలో లేదు.

నేను అరవలేదు. అరిస్తే గొంతు పోతుందని ఆ స్థితిలో కూడా గుర్తొచ్చింది, అది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అటకమీది పొట్లం, ల్యాప్‌టాప్ రెండూ సంచిలో వేసుకుని రిపేరు షాపుకు వెళ్ళాను. ఆవిడ ముందు పొట్లం విప్పింది. మేకులు చూసి, నోట్లో స్క్రూలు చేతిలోకి ఉమ్మేసింది. ఇది తిరిగిరాదని తల ఊపింది. తర్వాత కొత్తదాని మూత తీసింది. లోపల, పాత ఫోన్లలో వేసుకునే గోరంత మెమరీ కార్డు ఒకటి జిగురుతో అంటించి ఉంది. దాని పక్కన ఒక ఇనుప వాషరు, కుళాయి నట్లకు వేసేలాంటిది. కార్డు నిండేదాకా నిజంగానే దాచుకుంటుందట, నిండాక పేర్లు మాత్రం రాసుకుని సరుకు పారేస్తుందట. అందుకే మూడు అధ్యాయాలు బతికాయి. వాషరు ఎందుకని అడిగాను. చేతిలోకి తీసుకున్నప్పుడు బరువుగా ఉండాలి కదండీ అంది.

ఇంటికొచ్చి ఆ వాషరును బల్లమీద, టిక్కుల కాగితంమీద పెట్టాను. జరిగింది చెప్పాను. వదిన మొహం మొదట పాలిపోయింది, తర్వాత సర్దుకుంది. కొనుగోలు నిబంధనల ప్రకారమే జరిగింది, తనిఖీ జరిగింది, సరిచూడటం జరిగింది, కాగితాల్లో ఎవరి తప్పూ లేదు అంది. మామగారు తూకం తప్పలేదు కదా అన్నారు. మా ఆయన ఆ సరఫరాదారుణ్ణి నిషేధిత జాబితాలో పెట్టాలన్నారు, అలవాటుకొద్దీ. అంటూనే నా వైపు చూసి ఆగిపోయారు.

"తప్పు ఎవరిదీ కాదు సరే," అన్నాను. "ముప్ఫై ఒక్క అధ్యాయాలు చదవాలి. పద్దెనిమిది రోజులుంది. నాలుగు రోజులు ముందుగా ఇస్తేనే వాళ్ళు కాపీ తీసి ఆ పిల్లకు పంపేది. ఈసారి తప్పితే దాని చదువు అయిపోయినట్టే. దానికి ఏ కాగితం చూపిస్తారో మీరే చెప్పండి."

మా ఆయన లేచి, చెప్పులు వేసుకుని బయటికెళ్ళిపోయారు. సమావేశం మధ్యలో ఆయన లేచి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. ముక్కాలు గంటలో తిరిగొచ్చారు, నేను షాపులో వదిలొచ్చిన ల్యాప్‌టాప్‌తో. చీటీలో మొదటి పేరున్న ఎస్ఎస్‌డీని ఆవిడ బిగించి ఇచ్చింది, దాంతోపాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా. ఆయన నుదురంతా చెమట.

"ఎవర్నీ అడగలేదు," అన్నారు. "బిల్లు కూడా తీసుకోలేదు."

మామగారు పుస్తకం తెరవబోయి, మూసేశారు. నేను ల్యాప్‌టాప్ అందుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. ఆయనకు ఒక మంచిమాట చెప్పాల్సింది. నా నోటికి రాలేదు. ఇదే పని నెల కిందట చేసుంటే అన్న మాట ఒక్కటే మనసులో తిరుగుతోంది.

రోజుకు రెండు అధ్యాయాలు చొప్పున మొదలుపెట్టాను. అంతకు ముందు ఒకటి చదివితేనే అలసిపోయేదాన్ని. ఇల్లు ఇల్లంతా నోరు మూసుకుంది. మామగారు దగ్గొస్తే వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చేవారు. గిన్నెలు తోమితే చప్పుడవుతుందని వదిన వాటిని తన ఇంటికి మోసుకెళ్ళి తోముకొచ్చేది. పూర్తయిన ప్రతి అధ్యాయాన్నీ మా ఆయన హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మొదటినుంచి చివరిదాకా వినేవారు, ఒక్క నిమిషం వదలకుండా. ఎవరూ నన్ను క్షమించమని అడగలేదు. అది వాళ్ళకు చేతకాదు, దానికి ఫారం లేదు. పదో రోజుకు నా గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు తాగుతూ, ఆగుతూ చదివాను. నాకు ఏడుపొచ్చేది. మోకాలు గురించి మొదటిసారి చదివినప్పుడు ఎంత చక్కగా పలికానో నాకు తెలుసు. అది పోయింది, ఇది దానికి నీడ కూడా కాదు.

పద్నాలుగో రోజు సాయంత్రానికి ముప్ఫై ఒక్క అధ్యాయాలైనాయి, బతికి బయటపడ్డ మూడింటితో కలిపి. మూడు మిగిలాయి. గ్రంథాలయంలో రికార్డింగులు తీసుకునే ఆవిడ మంచిది, ఇచ్చినంతవరకు తీసుకుని ఆ రాత్రే పంపించింది. మిగిలిన మూడూ ముంజేయి, మణికట్టు, చేతివేళ్ళు. ప్రశ్నలు ఎక్కువ వచ్చేవి వాటిలోంచేనని ఆ అమ్మాయి ఒకసారి చెప్పింది.

ఇంక పంపే వ్యవధి లేదు. మర్నాడు మధ్యాహ్నం నేనే దానికి ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పాను, తప్పు నాదని కూడా చెప్పాను. చదువుతానమ్మా, వింటావా, ఇలాగే, ఫోన్లోనే అని అడిగాను. వింటానంది.

మూడు రోజులు మధ్యాహ్నం పూట ఫోన్లో చదివాను. చిన్నగదిలో కాదు, ఫ్యానుకింద, హాల్లో. అది మధ్యలో ఆపేది, మళ్ళీ చెప్పమనేది, తను తిరిగి ఒప్పజెప్పేది. పదకొండేళ్ళుగా చదువుతున్నాను, చదివింది ఎవరి చెవిలోకి ఎలా వెళుతుందో ఎప్పుడూ వినలేదు. మొదటి రోజే మామగారు కుర్చీ తెచ్చుకుని దూరంగా కూర్చున్నారు.

ముంజేతిలో బొటనవేలి వైపు ఒక పొడవాటి కండరం ఉంది. దాని పేరు లాటిన్‌లో జానెడు పొడుగుంటుంది. రెండుసార్లు చదివాను. "అక్కా, అది మోచేతికి పైన మొదలవుతుందా, కిందా? అక్కడ బొమ్మ ఉండాలి, బొమ్మలో ఎలా ఉంది?" అని అడిగింది. బొమ్మ చూశాను. పది కండరాలు ఒకదానిమీద ఒకటి, చుట్టూ బాణాలు, ఏ బాణం దేనికి తగిలిందో దేవుడికెరుక. చూపున్నదాన్ని, నాకే తెలియడం లేదు.

మా ఆయన మంచినీళ్ళ గ్లాసుతో పక్కనే నిలబడ్డారు. గ్లాసు తీసి కింద పెట్టి, ఆయన చొక్కా చేయి పైకి మడిచాను. మోచేయి వంచి బొటనవేలు పైకి పెట్టమని, నేను కిందికి నొక్కుతుంటే లొంగవద్దని చెప్పాను. నొక్కాను. ఆయన బిగించారు. చర్మం కింద ఆ కండరం తాడులా లేచింది. నెల తర్వాత ఆయన్ని ముట్టుకోవడం అదే. నాకు కోపం పోలేదు, అయినా ఆ చేయి వదలబుద్ధి కాలేదు.

వేళ్ళతో తడుముతూ ఫోన్లో చెప్పాను. మోచేతికి పైనే అమ్మా, బయటివైపు, మూడువేళ్ళ ఎత్తున మొదలవుతోంది. మోచేతి మడత దాటి, కిందికి, బొటనవేలి వైపు ఎముక మీదుగా మణికట్టు దాకా పోయి సన్నబడుతోంది. నీ చేయి అలా వంచు, ఇంకో చేత్తో నొక్కుకో.

అవతల ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత ఏమీ వినపడలేదు. మేమందరం అలాగే ఉండిపోయాం, ఆయన వంచిన చేయి వంచినట్టే ఉంచారు.

"దొరికిందక్కా," అంది. "ఇంక పోదు. తర్వాతది చదవండి."